కరెంటుకూ కరువుకూ నడుమ: అనంతపురం మెట్టసీమలో వాల్వుసెట్ల కాలం

పడమటి కనుమల వెనుక వర్షచ్ఛాయలో పడి నైరుతి రుతుపవనాల నుంచి తగినంత వాన పొందలేక, తూర్పు తీరానికి దూరంగా ఉండటం వల్ల ఈశాన్య రుతుపవనాలనూ పూర్తిగా అందుకోలేక, అనంతపురం పీఠభూమి ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానతోనే బతుకుతూ వచ్చింది. ఈ వానలేమి పంటలనూ వలసలనూ ఎలా శాసించిందో చెప్పే గ్రంథాలు చాలా ఉన్నాయి. రేడియో, మైకుసెట్టు, డేరా సినిమా అనే మూడు రూపాల్లో ఈ సీమకు చేరిన గాజు వాల్వుల ఆయుర్దాయాన్నీ, వాటిని బాగుచేసి బతికిన మెకానిక్కుల పనితీరునూ అదే వానలేమి నిర్ణయించిందన్న సంగతిని మాత్రం చరిత్ర రచన పెద్దగా పట్టించుకోలేదు. పొడిగాలి వాల్వుసెట్టుకు మేలు చేసింది. వాన మీద ఆధారపడిన కరెంటు దానికి కీడు చేసింది. ఈ ప్రాంతంలో వాల్వుల మరమ్మతు పని ఈ రెండు విరుద్ధ ప్రభావాల నడుమనే రూపుదిద్దుకుంది.

వాల్వు అంటే గాలి తీసివేసి మూతి కరిగించి మూసిన గాజుబుడ్డి. దాని నడుమ క్యాథోడు అనే సన్నని లోహపు గొట్టం, ఆ గొట్టం మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడుల తెల్లని పూత, గొట్టం లోపల దాన్ని ఎర్రగా కాచే హీటరు తీగ, చుట్టూ గ్రిడ్డు అనే తీగజల్లెడ, వాటన్నిటినీ చుట్టి ప్లేటు అనే లోహపు రేకు ఉంటాయి. వేడెక్కిన పూత నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, వందల వోల్టుల ధన విద్యుత్తు ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. దారిలో ఉన్న గ్రిడ్డు మీద ఏ కొద్దిపాటి వోల్టేజి మారినా ఆ ప్రవాహం పెద్దయెత్తున హెచ్చుతగ్గులకు లోనవుతుంది కాబట్టి, మైకు నుంచి వచ్చిన అతి బలహీనమైన సంకేతం లౌడ్‌స్పీకరును కదిలించేంత బలం పొందుతుంది. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ గ్రిడ్డు లేని రెండు ధ్రువాల వాల్వును రూపొందించగా, 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్డును చేర్చాడు.

ఈ పరికరం అప్పట్లో అనంతపురం కూడా భాగమైన మద్రాసు రాష్ట్రానికి ప్రధానంగా రేడియో రూపంలో వచ్చింది. 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో ఏర్పడిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు కొద్దికాలం ప్రసారాలు నడిపి, 1927లో డబ్బు చాలక ఆగిపోయింది. తర్వాత మద్రాసు కార్పొరేషను కొన్నేళ్లు ఆ భారం మోసింది, 1938 జూన్‌లో ఆలిండియా రేడియో కేంద్రం మద్రాసులో మొదలయింది. తెలుగు ప్రసారాలకు విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో తోడయింది. ఈ రెండూ అనంతపురానికి దూరపు కేంద్రాలే. రాయలసీమకు దగ్గరి కేంద్రం 1963లో కడపలో వచ్చేదాకా ఈ సీమ శ్రోతలు మీడియం వేవుపై రాత్రిపూట మాత్రమే తేటపడే దూరపు స్టేషన్లనూ, షార్టువేవుపై తెలుగు పాటలు వినిపించిన రేడియో సిలోనునూ వెదుక్కోవలసి వచ్చేది. దూరపు స్టేషను వినాలంటే సెట్టులోని వాల్వులన్నీ నిండు శక్తితో పనిచేయాలి. కేంద్రం పక్కనే ఉన్న పట్టణంలో ఏడాదిపాటు ఎవరూ గమనించని వాల్వు బలహీనత, ఇక్కడ మొదటి వారంలోనే బయటపడేది.

ఆ కాలంలో పల్లెలకు కరెంటు లేదు. కరెంటు లేనిచోట పనిచేసేందుకు తయారైన బ్యాటరీ సెట్టులో వాల్వులు వేరు, వాటి లక్షణాలు వేరు. అమెరికా పద్ధతిలో 1ఆర్5, 1టీ4, 1ఎస్5, 3ఎస్4 అనీ, ఐరోపా పద్ధతిలో డీకే, డీఎఫ్, డీఏఎఫ్, డీఎల్ అక్షరాలతోనూ పిలిచే ఈ చిన్న వాల్వుల్లో విడి క్యాథోడు ఉండదు; 1.4 వోల్టులతో వేడెక్కే ఫిలమెంటు తీగే ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. ఫిలమెంటుకు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒకటి, ప్లేట్లకు 90 వోల్టుల బ్యాటరీ మరొకటి కావాలి. ఆ రెండవది ఒకటిన్నర వోల్టుల గుళికలను 60 వరుసగా పేర్చి అట్టపెట్టెలో బిగించిన బరువైన మూట. అది అయిపోతే కొత్తది కొనడం తప్ప దారి లేదు, దాని ఖరీదు మెట్టరైతుకు తేలికైన మాట కాదు. పైగా 1933 నాటి చట్టం ప్రకారం రేడియో ఉన్న ప్రతి ఇల్లూ తపాలా కార్యాలయంలో ఏటా లైసెన్సు రుసుము కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. అందుచేత రేడియో చాలాకాలం ఊరిపెద్ద ఇంటి వస్తువుగానో, ప్రభుత్వం పంచాయతీకి సమకూర్చిన సామూహిక శ్రవణ యంత్రంగానో ఉండిపోయింది.

బ్యాటరీ సెట్టు మరమ్మతులో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: నీరసించింది వాల్వా, బ్యాటరీయా? సెట్టు పెట్టగానే బాగా పలికి పది నిమిషాల్లో గొంతు తగ్గితే బ్యాటరీ మీద అనుమానం. మొదటి నుంచీ సన్నగా పలికితే వాల్వు మీద అనుమానం. ఈ రెంటినీ విడదీయడానికి సెట్టు నడుస్తుండగానే బ్యాటరీ వోల్టేజిని మీటరుతో చూడాలి, ఎందుకంటే భారం లేనప్పుడు ముసలి బ్యాటరీ కూడా నిండు వోల్టేజినే చూపి మోసం చేస్తుంది. ఫిలమెంటు బ్యాటరీ తీగను పొరపాటున 90 వోల్టుల సాకెట్టులో గుచ్చితే సెట్టులోని వాల్వులన్నీ ఒక్క క్షణంలో కాలిపోతాయి. కంపెనీలు రెండు ప్లగ్గులను వేర్వేరు ఆకారాల్లో చేసినది ఈ ప్రమాదాన్ని తప్పించడానికే. కరెంటు చేరిన ఊళ్లలో బ్యాటరీ ఖర్చును తప్పించేందుకు ఎలిమినేటరు అనే పెట్టె వచ్చింది: అది కరెంటును రెండు రకాల వోల్టేజీలుగా మార్చి బ్యాటరీల స్థానంలో అందిస్తుంది.

కరెంటు చేరిన తీరే ఈ చరిత్రలో అసలు మలుపు. హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది, అక్కడి జలవిద్యుత్ కేంద్రం 1957 నుంచి పనిచేయసాగింది. అంతకు రెండేళ్ల ముందు తూర్పున మాచ్‌ఖండ్ కేంద్రం మొదలైంది. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆనాటి రాష్ట్రపు కరెంటులో ప్రధాన భాగం నదుల నుంచే వచ్చేది కాబట్టి, ఎగువన వాన తప్పితే జలాశయం తగ్గేది, జలాశయం తగ్గితే కోతలు వచ్చేవి. ఎగువనా ఇక్కడా వాన తప్పిన ఏడు వేరుశనగ చేను ఎండటంతో పాటు దీపాలూ మసకబారేవన్న మాట. దీనికి తోడు బావుల మీద మోటార్లు పెరిగినకొద్దీ లైను చివరి పల్లెలకు 230 వోల్టులకు బదులు చాలా తక్కువే చేరేది. మోటార్లన్నీ ఆగిన వేళ అదే లైను మీద వోల్టేజి ఒక్కసారిగా పైకి లేచేది.

వాల్వుకు ఈ ఊగిసలాటకు మించిన శత్రువు లేదు. హీటరుకు 6.3 వోల్టులు నిర్ణయించిన వాల్వు పదిశాతం హెచ్చుతగ్గుల దాకా ఓర్చుకుంటుంది. అంతకన్నా తగ్గితే క్యాథోడు చాలినంత కాగదు, ఎలక్ట్రాన్లు చాలినన్ని వెలువడవు, పాట బొంగురుపోతుంది. అలా చాలాకాలం నడిస్తే బుడ్డిలో మిగిలిన అతి కొద్ది వాయువులు చల్లబడిన పూతను పాడుచేస్తాయి, తర్వాత నిండు వోల్టేజి ఇచ్చినా శక్తి తిరిగిరాదు. హెచ్చితే పూత త్వరగా ఆవిరవుతుంది. ఆ కాలపు మెయిన్సు సెట్ల వెనుక 200, 220, 240 అనే గుర్తులతో వోల్టేజి మార్చుకునే బిళ్ల ఉండేది. వోల్టేజి తక్కువ ఉందని బిళ్లను 200 దగ్గర పెడితే ఆ సాయంత్రానికి పాట తేటపడుతుంది. లైను కోలుకున్నాక దాన్ని వెనక్కి మార్చకపోతే ప్రతి వాల్వు మీదా రోజూ అధిక భారం పడుతుంది. చూపుకు ఉపకారంలా కనిపించిన ఆ బిళ్ల ఎన్ని వాల్వుల ఆయువు తీసిందో లెక్కించే సాధనం లేదు గానీ, తయారీదారులు ఉద్దేశించిన దానికి అది వ్యతిరేక ఫలితమన్నది స్పష్టం.

మరొక రకం సెట్టులో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. యూసీహెచ్81, యూఎల్84, యూవై85 వంటి యూ అక్షరపు వాల్వుల హీటర్లను ఒకదాని వెనుక ఒకటిగా కలిపి నేరుగా కరెంటుకు తగిలిస్తారు. ధర తగ్గుతుంది, కానీ ఒక్క హీటరు తెగితే అన్ని వాల్వులూ ఆరిపోతాయి, ఏది తెగిందో వాల్వులు ఊడదీసి ఒక్కొక్కటి మీటరుతో చూస్తే తప్ప తెలియదు. అంతకన్నా ముఖ్యమైనది, లోపలి ఇనుప చట్రం, అంటే చాసిస్, కరెంటు తీగల్లో ఒకదానికి నేరుగా అంటుకొని ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం ప్రాణం తీసే వోల్టేజి మీద ఉంటుంది. మీట ఊడిన రేడియో కాడను తాకినవారికి షాకు తగిలేది ఈ కారణంగానే.

రేడియో ఇంటిది, మైకుసెట్టు ఊరిది. భారతదేశంలో లౌడ్‌స్పీకరు ప్రజాజీవితంలోకి ప్రధానంగా కాంగ్రెసు సభల ద్వారా ప్రవేశించింది, మోట్వానీ కుటుంబపు చికాగో రేడియో సంస్థ ఆ సభలకు మైకులు సమకూర్చి పేరు పొందింది. తర్వాతి కాలంలో ఢిల్లీకి చెందిన అహూజా సంస్థ పేరు పల్లెపల్లెకూ పాకింది. అనంతపురం సీమలో మైకుసెట్టుకు పనికల్పించినవి రాజకీయ సభలు మాత్రమే కావు: ఫాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు, గూగూడు కుళ్లాయిస్వామి పీర్లపండుగ, పెళ్లిళ్లు, హరికథలు, బుర్రకథలు, తెల్లవార్లూ సాగే పద్యనాటకాలు అన్నీ దాని గిరాకీలే. తాడిపత్రిలో 1880లో పుట్టి బళ్లారిలో న్యాయవాదిగా స్థిరపడిన బళ్లారి రాఘవ, పద్యాన్ని బిగ్గరగా రాగం తీసే అలవాటును కాదని సహజ వాచికాభినయాన్ని పట్టుబట్టి నిలబెట్టిన నటుడు. మైకు లేని రంగస్థలం మీద చివరి వరసకు వినబడాలంటే నటుడికి గొంతు చించుకోవడం తప్ప మార్గం లేదన్న వాస్తవాన్ని పక్కన పెట్టి ఆనాటి రాగాల పొడవును ఎగతాళి చేయడం న్యాయం కాదు.

మైకుసెట్టు నడుమ ఉండే ఆంప్లిఫయరులో మొదటి అంచె ఈసీసీ83 వంటి చిన్న వాల్వు, చివరి అంచె పవరు వాల్వుల జంట. అమెరికా ఆర్‌సీఏ సంస్థ 1936లో విడుదల చేసిన 6ఎల్6, ఐరోపాలో 1949 ప్రాంతంలో వచ్చిన ఈఎల్34 ఈ చివరి స్థానాన్ని ప్రపంచమంతటా ఆక్రమించాయి. అవే వాల్వులు అమెరికాలో ఫెండర్, ఇంగ్లండులో మార్షల్ కంపెనీలు చేసిన గిటారు ఆంప్లిఫయర్లలోనూ ఉన్నాయి. కాబట్టి కదిరి తేరులో పాట వినిపించిన యంత్రమూ లండన్ వేదిక మీద గిటారు మోగించిన యంత్రమూ లోపలి నిర్మాణంలో దగ్గరి చుట్టాలే.

కరెంటు లేని ఊరికి మైకుసెట్టు వెళ్లాలంటే మోటారు బ్యాటరీ వెంట వెళ్లాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీ నుంచి వందల వోల్టులు పుట్టించేందుకు వైబ్రేటరు అనే చిన్న డబ్బీ ఉండేది. అందులోని ఉక్కురేకు సెకనుకు సుమారు వంద సార్లు కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తుంది. 6ఎల్6 జంట ఉన్న ఆంప్లిఫయరు ఈ విధంగా ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, 60 ఆంపియర్-గంటల బ్యాటరీ ఒక రాత్రి నాటకానికి బొటాబొటిగా సరిపోతుంది. వైబ్రేటరు కొనలు నిప్పురవ్వలకు గుంటలుపడి అతుక్కుపోవడం ఈ పద్ధతిలో తరచుగా వచ్చే జబ్బు. సన్నని గరుకు కాగితంతో రుద్దితే కొంతకాలం నడుస్తుంది, తర్వాత మార్చవలసిందే.

ఆంప్లిఫయరు పాడయినప్పుడు దోషాన్ని పట్టే క్రమం ఈ వృత్తిలోని అసలు విద్య. సెట్టును నేరుగా కరెంటుకు తగిలించక ముందు, వంద వాట్ల మామూలు బల్బును వరుసలో కలిపిన సిరీస్ బోర్డు ద్వారా తగిలించేవారు. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే లోపల షార్టు లేదు. నిండుగా వెలుగుతూ నిలిచిపోతే ట్రాన్స్‌ఫార్మరో, కరెంటులోని అలలను అణచే ఫిల్టరు కండెన్సరో, కరెంటును ఒకే దిశకు మార్చే రెక్టిఫయరు వాల్వో దెబ్బతిన్నట్టు. కొద్దిపాటి సామానుతో తయారయ్యే ఈ బోర్డు, ఖరీదైన ట్రాన్స్‌ఫార్మర్లను కాపాడిన తీరు చూస్తే, ఆ కాలపు పరికరాల్లో దీన్ని మించిన పొదుపు మరొకటి కనిపించదు.

తర్వాతి పని కళ్లది. గాజు పైభాగాన వెండిలా మెరిసే పూత మిగిలిన గాలిని పీల్చుకోవడానికి వేసినది. అది తెల్లగా, పాలలా మారితే బుడ్డికి పగులు వచ్చి గాలి చొరబడిందని అర్థం, ఆ వాల్వును పరీక్షించే పనే లేదు. గాజు లోపలి గోడ మీద పల్చని నీలికాంతి కనిపిస్తే భయపడనక్కరలేదు, అది బలమైన పవరు వాల్వుల్లో సహజం; ప్లేటుకూ క్యాథోడుకూ నడుమ ఊదారంగు కాంతి కనిపిస్తే లోపల వాయువు చేరింది. ఇక ప్లేటు రేకే ఎర్రబడితే క్షణం ఆలస్యం చేయకుండా కట్టేయాలి. ఎర్రబడటానికి వాల్వే కారణమని తలచి కొత్తది పెట్టినవారు కొత్తదాన్నీ పోగొట్టుకుంటారు, ఎందుకంటే చాలాసార్లు దోషం ముందరి అంచె నుంచి సంకేతాన్ని తెచ్చే కప్లింగ్ కండెన్సరుది. పాట అనే మారే విద్యుత్తును మాత్రమే దాటనిచ్చి ముందరి ప్లేటులోని నిలకడ వోల్టేజిని ఆపవలసిన ఆ కండెన్సరు కారడం మొదలుపెడితే, పవరు వాల్వు గ్రిడ్డు మీద ఉండవలసిన రుణ వోల్టేజి, అంటే బయాసు, పోతుంది. అడ్డు తొలగిన ఎలక్ట్రాన్లు వరదలా ప్లేటును తాకి దాన్ని కాలుస్తాయి. వాల్వును మార్చే ముందు కండెన్సరును మార్చడం అనుభవానికి గుర్తు.

సెట్టు మూగబోతే చివరి నుంచి మొదటికి నడవాలి. స్పీకరు తీగలు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, పవరు వాల్వు గ్రిడ్డు, ముందరి వాల్వు గ్రిడ్డు అనే క్రమంలో, పిడికి ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవరు మొనతో ఒక్కొక్క గ్రిడ్డును తాకుతూ పోతే బాగున్న అంచెల దగ్గర స్పీకరులో గుర్రుమన్న శబ్దం వస్తుంది. ఎక్కడ ఆ శబ్దం ఆగిపోయిందో అక్కడే దోషం. ఎడతెగని గుర్రు వినిపిస్తే ఫిల్టరు కండెన్సరు ఎండిపోయినట్టు. వాల్వును పెన్సిలుతో మెల్లగా తట్టినప్పుడు స్పీకరు గంటలా మోగితే లోపలి గ్రిడ్డు వదులైందని, ఆ వాల్వును మైకు అంచె నుంచి తీసి అంత సున్నితం కాని చోటికి మార్చాలని తెలిసేది. చరచర శబ్దాలకు సగం సందర్భాల్లో వాల్వు పిన్నులకు పట్టిన దుమ్ము, తుప్పు, సడలిన సాకెట్టు కారణం. పూర్తిగా కట్టేసిన తర్వాత కూడా ఫిల్టరు కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి కాబట్టి, రెసిస్టెన్సు ద్వారా వాటిని చాసిస్‌కు ఖాళీ చేయకుండా చేయి పెట్టకూడదన్నది పని నేర్చుకునే కుర్రవాడికి చెప్పే మొదటి నియమం. స్పీకరు తీగ ఊడిన ఆంప్లిఫయరును నడపకూడదన్నది రెండవది; భారం లేని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో వోల్టేజి విపరీతంగా లేచి చుట్టల నడుమ ఇన్సులేషనును పగలగొడుతుంది.

కాలిన ట్రాన్స్‌ఫార్మరుకు మాత్రం ఈ సీమలో దిక్కు ఉంది. బావి మోటార్లు కాలడం మామూలైన చోట ఎనామెల్ రాగితీగ, ఇన్సులేషన్ కాగితం, వార్నిషు ఎప్పుడూ దొరికేవే. మోటారు వైండింగ్ తెలిసిన చేతికి చుట్లు లెక్కపెట్టి ట్రాన్స్‌ఫార్మరు చుట్టడం కొత్త విద్య కాదు. వోల్టేజి ఊగిసలాటే మోటారునూ ఆంప్లిఫయరునూ కాల్చేది, వాటిని బాగుచేసే పరిజ్ఞానమూ ఆ నష్టం మీదనే పెరిగేది.

పొడిగాలి చేసిన మేలు ఇక్కడే చెప్పుకోవాలి. తీరప్రాంతపు తేమలో మైనం పూసిన కాగితపు కండెన్సర్లు నీటిని పీల్చుకొని కారతాయి, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోని వెంట్రుకవాసి రాగితీగ పచ్చగా చిలుమెక్కి తెగుతుంది, సాకెట్లకు బూజు పడుతుంది. అనంతపురం, కల్యాణదుర్గం, ఉరవకొండల గాలిలో ఈ మూడు జబ్బులకూ ఆస్కారం తక్కువ. అయితే మేలు సంపూర్ణం కాదు: నలభై డిగ్రీలు దాటే వేసవిలో మూసిన పెట్టె లోపలి వేడి మరింత పెరిగి, ద్రావకం నింపిన ఫిల్టరు కండెన్సర్లను త్వరగా ఎండగడుతుంది, ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయువు సగమవుతుందన్నది సాధారణ సూత్రం. అందుకే వెనుక అట్టలోని రంధ్రాలకు పట్టిన ఎర్రమట్టి దుమ్మును కుంచెతో దులపడం ఇక్కడ అలంకారం కోసం చేసిన పని కాదు.

వాల్వుల సరఫరా విషయంలో ఈ జిల్లాకు భౌగోళికంగా ఒక అదృష్టం కలిసివచ్చింది. 1954లో బెంగళూరు జాలహళ్లిలో ఏర్పడిన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ, ఫిలిప్స్ సాంకేతిక సహకారంతో 1960ల తొలినాళ్లలో రేడియో వాల్వుల తయారీ చేపట్టింది. అంతవరకు దిగుమతి మీద, విదేశీ మారకద్రవ్యపు ఆంక్షల మీద ఆధారపడిన సరుకు, హిందూపురానికి వంద కిలోమీటర్ల దూరంలోనే తయారు కాసాగింది. బెంగళూరు ఎస్.పి. రోడ్డు విడిభాగాల బజారు ఈ జిల్లా మెకానిక్కుకు మద్రాసు రిచీ స్ట్రీటు కన్నా దగ్గర. అనంతపురంలోనే 1940ల చివర స్థిరపడిన ఇంజనీరింగ్ కళాశాల విద్యుత్ శాస్త్రాన్ని పుస్తకంగా నేర్పింది. బజారులోని రేడియో దుకాణాల్లో అదే శాస్త్రం గురువు పక్కన కూర్చుని చేతితో నేర్చుకునే విద్యగా సాగింది.

డేరా సినిమాల సంగతి క్లుప్తంగా చెబితే చాలు. 1932లో భక్తప్రహ్లాదతో తెలుగు తెర మాట్లాడటం మొదలయ్యాక, ఊరూరా తిరిగే ప్రదర్శకులకు ఆయిలింజనూ డైనమోతో పాటు ఆంప్లిఫయరూ తప్పనిసరైంది. ఫిల్ము అంచునున్న ధ్వనిరేఖ గుండా దీపకాంతి సాగి ఫోటోసెల్ మీద పడుతుంది. ఆ సెల్ కూడా గాజుబుడ్డే, అందులో పుట్టే కరెంటు అత్యల్పం. గతుకుల దారిలో ఎద్దుబండి మీద పెట్టెల ప్రయాణం వాల్వుల లోపలి తీగలకు పరీక్ష. ప్రతి మకాములో బొమ్మ ఆడకముందే వాల్వులను సాకెట్లలో అదిమి చూసుకోవలసి వచ్చేది.

1960లలో ట్రాన్సిస్టరు రేడియో రాకతో ఈ కథ వేగంగా మారింది. నాలుగు టార్చి సెల్లులతో నెలలు నడిచే సెట్టు ముందు 60 గుళికల బ్యాటరీ నిలవలేకపోయింది. కరువుసీమకు అది మిగతా ప్రాంతాలకన్నా ఎక్కువ ఊరట. మైకు ఆంప్లిఫయర్లలో పవరు వాల్వులు ఇంకొంతకాలం నిలిచాయి, ఎందుకంటే తొలి పవరు ట్రాన్సిస్టర్లు వేడికీ షార్టుకీ క్షణంలో చనిపోయేవి, స్పీకరు తీగలు కలిసిపోవడం జాతరల్లో నిత్యకృత్యం. 12 వోల్టులతోనే నేరుగా నడిచే ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు గట్టిపడ్డాక ఆ కారణమూ పోయింది, వైబ్రేటరుతో పని తీరిపోయింది. రేడియో లైసెన్సు 1980లలో రద్దయింది.

మైకుసెట్టు మెకానిక్కు దోషంగా ఎంచి ఆపాలని చూసిన బొంగురు ధ్వని, అంటే పవరు వాల్వు శక్తికి మించి నడిచినప్పుడు సంకేతపు శిఖరాలు మెత్తగా నరుక్కుపోవడం, గిటారు వాద్యకారులకు కోరి తెచ్చుకునే గుణమయింది. దీనివల్లనే ఈఎల్34, 6ఎల్6, ఈసీసీ83 వాల్వులు నేటికీ రష్యా, స్లొవేకియా, చైనా కర్మాగారాల్లో తయారవుతున్నాయి; పాత సభామైకు ఆంప్లిఫయర్లను గిటారుకు అనువుగా మార్చుకోవడం అనేక దేశాల్లో సాగుతున్న పని. దశాబ్దాలు అటక మీదున్న సెట్టును అలా తిరిగి నిలబెట్టాలనుకునేవారు వాల్వుల కన్నా ముందు కాగితపు కండెన్సర్లన్నీ మార్చి, ఫిల్టరు కండెన్సర్లు మార్చనిపక్షంలో తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి గంటల తరబడి వాటిని మేల్కొలపాలి. పవరు వాల్వుల జంటను సరిసమానంగా కరెంటు లాగేవిగా ఎంచి పెట్టి, బయాసును మీటరుతో సరిచూసిన తర్వాతే నిండు కరెంటు ఇవ్వాలి. జాలహళ్లి ముద్ర ఉన్న పాత వాల్వు దొరికితే దాని శక్తిని పరీక్షించకుండా పారేయకూడదు.